మామూలే అనుకున్న నొప్పి: నూట అరవై ఏళ్ల పరిశోధన చరిత్ర

మన పత్రికలో ఆరోగ్యం శీర్షిక కింద వచ్చే వ్యాసాలు సాధారణంగా బి.పి., షుగరు, మోకాళ్ల నొప్పులు, కంటి శుక్లాల చుట్టూ తిరుగుతుంటాయి. అది సహజమే. మన వయసు బాధలు అవి. కాని మన సభ్యులలో మహిళలు కూడా ఉన్నారు. ప్రతి సభ్యుని ఇంట్లోనూ భార్యో, కూతురో, కోడలో, మనుమరాలో ఉన్నారు. వారిలో ఎందరినో పీడిస్తూ, బయటకు చెప్పుకోలేక దాచుకునే ఒక వ్యాధి గురించి, అది వైద్యశాస్త్రం కంట పడిన తీరు గురించి ఈ ప్రత్యేక సంచికలో నాలుగు మాటలు చెప్పడం ఉచితమని భావిస్తున్నాను. ఈ విషయం మగవారు చదవవలసినది కాదని పేజీ తిప్పేయవద్దని పెద్దలకు మనవి.

ఆ వ్యాధి పేరు ఎండోమెట్రియోసిస్. పేరు కొత్తగా వినిపించినా బాధ పాతదే. గర్భాశయం లోపల ఒక మెత్తని పొర ఉంటుంది. ప్రతి నెలా అది పెరిగి, గర్భం నిలవకపోతే రక్తంతో పాటు బయటకు వచ్చేస్తుంది. అదే బహిష్టు. ఆ పొర వంటి కణజాలమే గర్భాశయానికి బయట, అంటే అండాశయాల మీద, పేగుల మీద, మూత్రాశయం మీద పెరగడమే ఈ వ్యాధి. అక్కడ పెరిగినది కూడా నెలనెలా హార్మోన్లకు లోబడి ఉబ్బుతుంది, రక్తం కారుస్తుంది. ఆ రక్తానికి మాత్రం బయటకు పోయే దారి లేదు. అందువల్ల లోపల వాపు వస్తుంది, మచ్చ కడుతుంది, అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. భరించరాని బహిష్టు నొప్పి, నడుము నొప్పి, విరేచనమప్పుడు నొప్పి, దాంపత్యంలో నొప్పి, కొందరికి సంతానం కలగకపోవడం దీని లక్షణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రసవ వయసులోని స్త్రీలలో సుమారు 10 శాతం మంది, అంటే దాదాపు 19 కోట్ల మంది దీనితో బాధపడుతున్నారు.

ఇంత విస్తారమైన వ్యాధి గురించి మన ఇళ్లలో ఎందుకు తెలియదు? ఈ ప్రశ్నకు సమాధానం చరిత్రలోనే ఉంది.

నొప్పి మాట వినని రోజులు

19వ శతాబ్దంలో యూరప్, అమెరికా వైద్యులలో చాలామంది స్త్రీల బహిష్టు బాధలన్నిటినీ నరాల బలహీనతకో, హిస్టీరియాకో ముడిపెట్టేవారు. 1872లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో రాబర్ట్ బాటీ అనే శస్త్రవైద్యుడు బహిష్టు బాధలకు విరుగుడుగా అండాశయాలను తీసివేసే ఆపరేషన్ మొదలుపెట్టాడు. అది ఆయన పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. తరువాతి సంవత్సరాలలో వేలమంది స్త్రీలు ఏ జబ్బూ లేని అండాశయాలను ఈ విధంగా పోగొట్టుకున్నారు. ప్రాణాలు పోయినవారూ ఉన్నారు.

మరుసటి ఏడు, 1873లో, హార్వర్డ్ వైద్య ఆచార్యుడుగా పనిచేసిన ఎడ్వర్డ్ క్లార్క్ ఒక పుస్తకం రాశాడు. ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా చదివితే రక్తమంతా మెదడుకు పోయి గర్భాశయం దెబ్బతింటుందని అందులో వాదించాడు. దీనికి జవాబిచ్చినది మేరీ పట్నం జాకోబీ అనే వైద్యురాలు. ఆమె చేసిన పని మన వంటి ఉద్యోగస్తులకు బాగా అర్థమవుతుంది. వెయ్యి ప్రశ్నాపత్రాలు అచ్చువేయించి స్త్రీలకు పంపింది. 268 మంది జవాబు రాశారు. బహిష్టు రోజులలో ఎవరికి ఎంత నొప్పి ఉంటుంది, ఎంత పని చేయగలుగుతారు, ఎంత నడవగలుగుతారు అన్న వివరాలు పట్టికలు వేసింది. కొందరి నాడిని, శరీర ఉష్ణోగ్రతను నెల పొడుగునా కొలిచింది. బహిష్టు రోజులలో స్త్రీలందరూ పడుకునే ఉండాలనడానికి ఆధారం లేదని తేల్చింది. ఈ వ్యాసానికి 1876లో హార్వర్డ్ వారి బోయిల్‌స్టన్ బహుమతి వచ్చింది. స్త్రీలను హార్వర్డ్ వైద్య కళాశాలలో విద్యార్థులుగా చేర్చుకున్నది మాత్రం మరో 69 ఏళ్ల తరువాత, 1945లో!

స్త్రీల బాధ గురించి స్త్రీలనే అడిగి, వారు చెప్పినది కాగితం మీద పెట్టడం ఆ రోజుల్లో చాలా అరుదు. 

వియన్నా నుంచి ఆల్బనీ దాకా

ఈలోగా వేరొక దారిలో, సూక్ష్మదర్శిని కింద, వ్యాధి ఆనవాళ్లు బయటపడుతున్నాయి. 1860లో వియన్నా నగరంలో కార్ల్ ఫాన్ రోకిటాన్‌స్కీ అనే పాథాలజీ ఆచార్యుడు గర్భాశయపు లోపలిపొర వంటి కణజాలం ఉండకూడని చోట ఉన్నట్లు వర్ణించాడు. ఆయన జీవితమంతా శవపరీక్షలలో గడిపిన మనిషి. ఆయనకు కనిపించినది కణజాలమే. దాన్ని మోసిన స్త్రీ ఎంత బాధ పడిందో చెప్పేందుకు ఆ బల్ల మీద ఎవరూ ఉండరు కదా.

అమెరికాలో బాల్టిమోర్ నగరపు జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో థామస్ కల్లెన్ ఈ పనిని ముందుకు తీసుకుపోయాడు. 1896 నుంచి ఇటువంటి గడ్డలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తూ 1908లో పెద్ద గ్రంథం ప్రచురించాడు. 1920 నాటికి ఈ కణజాలం శరీరంలో ఎక్కడెక్కడ కనిపిస్తుందో ఒక జాబితా తయారైంది. అండాశయం, గర్భాశయాన్ని పట్టి ఉంచే బంధనాలు, పెద్దపేగు, చివరికి బొడ్డు కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

వ్యాధికి పేరు పెట్టిన ఘనత జాన్ సాంప్సన్‌ది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ పట్టణంలో పనిచేసిన ఈ వైద్యుడు 1921లో అండాశయాల మీద కనిపించే చిక్కని ముదురు రంగు తిత్తులను గురించి రాశాడు. లోపల పాత రక్తం నిలిచి కరిగించిన చాక్లెట్ లాగా కనిపించడం వల్ల వాటికి చాక్లెట్ సిస్టులన్న పేరు వచ్చింది. నేటికీ స్కానింగు రిపోర్టులలో ఆ మాట కనిపిస్తుంది. ఈ తిత్తులు ఎలా వస్తున్నాయన్న ప్రశ్నకు ఆయన 1927లో ఒక సమాధానం ప్రతిపాదించాడు. బహిష్టు సమయంలో కొంత రక్తం కిందికి పోకుండా అండవాహికల గుండా వెనక్కి నడిచి పొత్తికడుపులోకి చేరుతుంది. దానితో వెళ్లిన కణాలు అక్కడ నాటుకుంటాయి. ఇదే ఆయన సిద్ధాంతం. ఎండోమెట్రియోసిస్ అనే మాటను వాడుకలోకి తెచ్చినది కూడా ఆయనే.

ఈ సిద్ధాంతం నేటికీ నిలిచి ఉంది, అయితే అసంపూర్తిగా. 1984లో హాల్మే బృందం జరిపిన పరిశీలనలో అండవాహికలు తెరుచుకుని ఉన్న స్త్రీలలో 90 శాతం మందికి ఇలా రక్తం వెనక్కి పోతుందని తేలింది. అందరికీ పోతున్నప్పుడు కొందరికే వ్యాధి ఎందుకు? రోగనిరోధక శక్తిలో తేడాలు, వంశపారంపర్యం, హార్మోన్ల తీరు ఇవన్నీ కలిసి పనిచేస్తాయని ఇప్పుడు భావిస్తున్నారు.

పెళ్లి చేస్తే తగ్గుతుందన్న సలహా

ఇక్కడ చరిత్రలో ఒక వింత మలుపు వచ్చింది. 1940వ దశకంలో బోస్టన్ నగరంలో జో మీగ్స్ అనే ప్రసిద్ధ వైద్యుడు ఈ వ్యాధికి కారణం ఆలస్యపు వివాహాలు, ఆలస్యపు కాన్పులు అని వాదించాడు. త్వరగా పెళ్లి చేసుకుని త్వరగా పిల్లలను కనడమే నివారణ అన్నాడు. ఆయన దగ్గరకు వచ్చే రోగులలో కలిగినవారు ఎక్కువ. వారిలో పెళ్లిళ్లు ఆలస్యంగా జరిగేవి. దానినే ఆయన కారణంగా తీసుకున్నాడు. క్రమంగా దీనికి ఉద్యోగస్తురాళ్ల జబ్బు అన్న ముద్ర పడింది. మన ఇళ్లలో నాయనమ్మలు, అమ్మమ్మలు చెప్పే "పెళ్లయితే అదే సర్దుకుంటుంది, ఒక కాన్పయితే పోతుంది" అన్న మాటకూ, బోస్టన్ ఆచార్యుని సిద్ధాంతానికీ ఎంత పోలికో చూడండి! గర్భం దాల్చిన నెలలలో బహిష్టు ఆగుతుంది కనుక కొందరికి అప్పటికి ఉపశమనం కలగవచ్చు. అది వ్యాధి నయం కావడం మాత్రం కాదు.

ముద్ర పడితే ఏమవుతుందో 1976లో షికాగో వైద్యుడు డొనాల్డ్ చాట్‌మన్ చూపించాడు. నల్లజాతి స్త్రీలకు ఈ వ్యాధి రాదని అమెరికా పాఠ్యపుస్తకాలు చెబుతుండేవి. వారు కడుపునొప్పితో వస్తే సుఖవ్యాధుల వల్ల కలిగిన ఇన్‌ఫెక్షన్ అని రాసి యాంటీబయాటిక్స్ ఇచ్చి పంపేవారు. చాట్‌మన్ అటువంటి రోగులను లాపరోస్కోపుతో పరీక్షిస్తే అనేకులలో ఎండోమెట్రియోసిస్ బయటపడింది. ఏళ్ల తరబడి వారికి తప్పు వైద్యం జరిగింది, దానికి తోడు నింద కూడా మోశారు.

నొప్పి మనసులోదా, శరీరంలోదా?

బహిష్టు నొప్పిలో సగం మనసు కల్పనే అన్న అభిప్రాయం 20వ శతాబ్దం మధ్య వరకు వైద్యులలో బలంగా ఉండేది. దానిని కదిలించినది ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో పిక్లెస్ అనే శాస్త్రవేత్త. 1957లో ఆయన బహిష్టు రక్తంలో కండరాలను బిగించే పదార్థం ఒకటి ఉన్నదని ప్రకటించాడు. అవి ప్రోస్టాగ్లాండిన్లని, నొప్పి ఎక్కువగా ఉన్న స్త్రీలలో వాటి మోతాదు కూడా ఎక్కువని తరువాతి పరిశోధనలలో తేలింది. 1971లో జాన్ వేన్ ఆస్పిరిన్ వంటి మందులు ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటాయని నిరూపించాడు. 1982లో ఆయనకు మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. మందుల షాపుల్లో నెలనొప్పికి ఇచ్చే మెఫెనమిక్ ఆమ్లం మాత్ర పనిచేసే సూత్రం కూడా ఇదే. ఆడపిల్ల నొప్పి అన్నప్పుడు అది నిజమైన నొప్పేనని ప్రయోగశాల సాక్ష్యం చెప్పిన తరువాత గాని లోకం నమ్మలేదు.

అదే కాలంలో కడుపు కోయకుండా లోపల చూసే సాధనం వచ్చింది. పారిస్‌లో రౌల్ పామర్ 1940వ దశకంలో లాపరోస్కోపును స్త్రీవ్యాధుల పరీక్షకు వాడాడు. ఇంగ్లండులో పాట్రిక్ స్టెప్టో 1967లో దీనిపై పుస్తకం రాశాడు. 1978లో తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు పుట్టడానికి కారకులైనవారిలో ఈయన ఒకరు. పెద్ద కోత అక్కరలేకపోవడంతో చిన్న వయసు పిల్లలను కూడా పరీక్షించడం వీలైంది. 1980లో బోస్టన్ వైద్యుడు గోల్డ్‌స్టీన్ దీర్ఘకాలం పొత్తికడుపు నొప్పితో బాధపడుతున్న కౌమార బాలికలను పరీక్షించి, వారిలో దాదాపు సగం మందికి ఈ వ్యాధి ఉన్నట్లు చూపాడు. పెళ్లి కాని చిన్నపిల్లలకు ఇది రాదన్న నమ్మకం అంతటితో పోవలసింది. పూర్తిగా పోలేదు.

మందుల వరుస

1951లో మెక్సికో నగరంలో సింటెక్స్ అనే సంస్థలో జెరాసీ, మిరామోంటెస్ తదితర రసాయన శాస్త్రజ్ఞులు నోరెతిస్టెరోన్ అనే కృత్రిమ హార్మోనును తయారుచేశారు. పూజలకు, పెళ్లిళ్లకు అడ్డు రాకుండా బహిష్టు వాయిదా వేసుకోవడానికి మన ఇళ్లలో స్త్రీలు మింగే మాత్ర ఇదే. ఇటువంటి హార్మోన్లతో శరీరాన్ని గర్భవతి స్థితిలో ఉన్నట్లు ఉంచితే వ్యాధి అణగుతుందని 1958లో బోస్టన్‌లో కిస్ట్‌నర్ ప్రకటించాడు. 1976లో అమెరికాలో డానజోల్ అనే మందుకు అనుమతి వచ్చింది. అది నొప్పి తగ్గించేది గాని కొందరికి ముఖం మీద రోమాలు వచ్చేవి, గొంతు బొంగురుపోయేది. మెదడు నుంచి అండాశయాలకు ఆజ్ఞలు పంపే హార్మోను నిర్మాణాన్ని 1971లో షాలీ, గిల్లెమిన్ బృందాలు కనుగొన్నాయి. ఇద్దరికీ 1977లో నోబెల్ బహుమతి దక్కింది. ఆ జ్ఞానంతో తయారైన ఇంజక్షన్లు తాత్కాలికంగా ముట్లుడిగిన స్థితి కల్పిస్తాయి. ఎక్కువ కాలం వాడితే ఎముకలు పలచబడతాయి. ఆ తరువాత డైనోజెస్ట్, 2018లో అమెరికాలో అనుమతి పొందిన ఎలాగోలిక్స్ వంటివి వచ్చాయి. వీటిలో ఏదీ వ్యాధిని సమూలంగా తీసివేయదు. అదుపులో పెడతాయి, అంతే. షుగరు, బి.పి. మాత్రలతో కాలక్షేపం చేస్తున్న మనకు ఈ తేడా వివరించనక్కరలేదు.

పరిశోధన వేగం పుంజుకోవడానికి వైద్యులు ఎంత కారణమో రోగులు కూడా అంతే కారణం. 1980లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో మేరీ లూ బాల్‌వెగ్, కరోలిన్ కీత్ ఎండోమెట్రియోసిస్ అసోసియేషన్‌ను స్థాపించారు. నొప్పి ఏ వయసులో మొదలైంది, ఎందరు డాక్టర్లను చూశారు, ఏమని చెప్పారు అన్న వివరాలు రోగుల నుంచే సేకరించారు. సంఘంగా కూడితే గాని పెన్షను సమస్యలైనా ప్రభుత్వం చెవికెక్కవని మనకు అనుభవమే కదా!

2022లో యూరప్ నిపుణుల సంఘం తన మార్గదర్శకాలు సవరించింది. లాపరోస్కోపీ చేస్తే తప్ప వ్యాధి నిర్ధారణ కాదన్న నియమాన్ని సడలించింది. లక్షణాలు, స్కానింగు ఆధారంగానే చికిత్స మొదలుపెట్టవచ్చునన్నది. 2023లో 60 వేలకు పైగా రోగుల జన్యువులను, ఏడు లక్షల మంది ఇతరుల జన్యువులతో పోల్చిన అధ్యయనం వెలువడింది. వ్యాధితో సంబంధమున్న 42 జన్యుస్థానాలు బయటపడ్డాయి. వాటిలో కొన్ని మైగ్రేన్, నడుము నొప్పి వంటి దీర్ఘకాలిక నొప్పులతో కూడా సంబంధం ఉన్నవే. అయితే ఆ అధ్యయనంలోని స్త్రీలు యూరప్, తూర్పు ఆసియా వంశాలవారు.

మన ఇంటి సంగతి

మన స్త్రీల గురించిన పరిశోధనలో హైదరాబాదుకు కొంత స్థానం ఉంది. సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు 2005లో దక్షిణ భారత స్త్రీలలో ఈ వ్యాధికీ, కొన్ని జన్యువులకూ గల సంబంధంపై పత్రాలు ప్రచురించారు. ముంబయిలో భారత వైద్య పరిశోధన మండలికి చెందిన ప్రత్యుత్పత్తి ఆరోగ్య సంస్థ కూడా భారతీయ స్త్రీలలో ఈ వ్యాధి తీరుపై అధ్యయనం చేపట్టింది. ఇవి మంచి ప్రారంభాలు.

కాని ఊళ్లలో, పట్టణాలలో జరుగుతున్నది వేరు. పిల్లలు పుట్టేశారు కదా, నొప్పి ఎందుకు, గర్భసంచి తీయించేస్తే సరి అన్నది మన రెండు రాష్ట్రాలలోనూ పాతుకుపోయిన ఆలోచన. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలోకెల్లా ముందు వరుస మనదే. వీరిలో అందరికీ ఎండోమెట్రియోసిస్ ఉన్నదని కాదు. అయితే దేశవ్యాప్తంగా సగానికి పైగా స్త్రీలు చెప్పిన కారణం అధిక రక్తస్రావం, నొప్పి. అనవసరపు ఆపరేషన్లపై దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో, కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలను మూడు నెలలలో అమలులోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఆపరేషన్ తప్పనిసరి అయ్యే సందర్భాలు ఉన్నాయి, కాదనలేము. కాని ఈ వ్యాధి ఉన్నది గర్భాశయం బయట. గర్భసంచి ఒక్కటే తీసి, బయట పెరిగినదాన్ని వదిలేస్తే నొప్పి మిగిలిపోవచ్చు. అండాశయాలు కూడా చిన్న వయసులోనే తీసేస్తే ఎముకలకు, గుండెకు ముప్పు పెరుగుతుంది. 1872 నాటి బాటీ ఆపరేషన్ గురించి చదివి మనం నొచ్చుకుంటాం. అదే తొందర మన వీధి చివర నర్సింగ్‌హోములో కూడా జరగకుండా చూడవలసిన బాధ్యత ఇంటి పెద్దలది.

చాలా దేశాల అధ్యయనాల ప్రకారం తొలి లక్షణానికీ, వ్యాధి నిర్ధారణకూ నడుమ 4 నుంచి 11 ఏళ్లు గడిచిపోతున్నాయి. ఈ ఆలస్యంలో కొంత ఆసుపత్రిలో జరుగుతుంది. కొంత మన గడప లోపలే జరుగుతుంది. బహిష్టు మాట మగవారి ముందు ఎత్తకూడదన్న మర్యాద, ఆడపుట్టుకకు ఇది మామూలే అన్న ఓదార్పు రెండూ కలిసి పిల్ల నోరు నొక్కుతాయి.

అందుచేత సభ్యులకు, వారి కుటుంబాలకు నా విన్నపం ఇది. మనుమరాలు ప్రతి నెలా రెండు మూడు రోజులు కాలేజీ మానేస్తున్నా, మాత్ర వేసుకున్నా లేవలేకపోతున్నా అది మామూలు అనుకోవద్దు. స్త్రీవ్యాధుల నిపుణులకు చూపించండి. వెళ్లేముందు మూడు నాలుగు నెలల వివరాలు ఒక నోటుబుక్కులో తేదీలతో రాయించండి: నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎక్కడ, ఎంతసేపు, ఏ మాత్ర వేసుకుంటే ఎంత తగ్గింది. పెళ్లి తేదీని వైద్యంగా భావించవద్దు. గర్భసంచి తీయాలని ఎవరైనా చెబితే, అత్యవసరం కానప్పుడు, రెండవ డాక్టరు అభిప్రాయం తీసుకోండి. తీసేది గర్భసంచి మాత్రమేనా, అండాశయాలు కూడానా అని స్పష్టంగా అడగండి.

కాగితం మీద లేనిది లేనట్టేనని సర్వీసు పొడుగునా విన్నవాళ్లం మనం. నూట అరవై ఏళ్లుగా ఈ వ్యాధి విషయంలో జరిగినది అదే. స్త్రీ చెప్పిన నొప్పి రికార్డుకు ఎక్కిన ప్రతిసారీ పరిశోధన ఒక అడుగు ముందుకు వేసింది. ఆ నోటుబుక్కులో మొదటి పేజీ రాయించే అవకాశం ఇంట్లో పెద్దవారిగా మనకే ఉంది.